స్టాండు కింద మూడు సీజన్లు

ఓల్డ్ ట్రాఫర్డ్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది ఒక్కటే, 1990లో సచిన్ తన మొదటి టెస్టు సెంచరీ కొట్టిన గ్రౌండు. 2010లో ఎమ్మెస్సీ చదవడానికి మాంచెస్టర్ వచ్చాక పార్ట్‌టైమ్ పనులిచ్చే ఏజెన్సీ నుంచి మొదటి షిఫ్టు మెసేజ్ వచ్చింది. ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం, పదకొండింటికల్లా ఉండాలి. ట్రామ్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్ అని రాసి ఉన్న స్టాపులోనే దిగాను. ఎదురుగా క్రికెట్ గ్రౌండు, గేటుకు తాళం. ఎర్ర స్కార్ఫులు వేసుకున్న జనం అటుగా ఎటో నడుస్తుంటే వాళ్ళ వెనకాలే వెళ్ళాను. అలా ఇరవై నిమిషాలు ఆలస్యంగా అదే పేరున్న మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం గడప తొక్కాను.

పని ఏమిటంటే, స్టాండ్ల కింద కౌంటర్లో పైలు (మాంసం కూరిన కజ్జికాయల్లాంటివి), బీరు అమ్మడం. గంటకు 5.93 పౌండ్లు, అప్పటి కనీస వేతనం. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలకు మించి చేయకూడదు కాబట్టి శని, ఆదివారాల్లో వచ్చే ఈ పని నాకు సరిపోయేది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ స్టేడియంలో గ్రౌండు కనిపించే చోట కూర్చుని మద్యం తాగడం చట్టం ఒప్పుకోదు. అందుకని మ్యాచ్‌కు ముందు, హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాల్లో జనమంతా కిందికి దిగి మా మీద పడేవారు. ఆట మొదలవగానే ఒక్కరూ ఉండరు. పైన డెబ్బై అయిదు వేల మంది, కింద మేం. గోల్ పడితే కాంక్రీటు అదిరేది. ఎవరు కొట్టారో హాఫ్‌టైమ్‌లో పైలు కొనేవాడు చెప్పాలి.

మా కౌంటరు సూపర్‌వైజర్ సాల్ఫర్డ్ ఊరి పెద్దాయన. పక్కనే ట్రాఫర్డ్ పార్క్‌లో ఫ్యాక్టరీ పని చేసి రిటైరయ్యాడు. నన్ను పేరు పెట్టి పిలవలేక "అబ్బాయ్" అనే అర్థం వచ్చే వాళ్ళ మాటతో పిలిచేవాడు. షట్టరు దించి కప్పులు లెక్కపెట్టుకునే ఆ నలభై అయిదు నిమిషాల్లో ఆయన చెప్పినవే నా ఫుట్‌బాల్ చదువు.

ఎక్కువగా జట్టు మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ గురించే చెప్పేవాడు. వాటిలో ఫెర్గూసన్ గెలిచిన ట్రోఫీల సంగతి నాకు పెద్దగా ఎక్కలేదు. పదమూడు లీగ్ టైటిళ్ళు, రెండు ఛాంపియన్స్ లీగులు, మొత్తం ముప్ఫై ఎనిమిది ట్రోఫీలు ఎవరైనా చెబుతారు. నాకు పట్టుకున్నది మొదటి నాలుగేళ్ళ కథ. ఫెర్గూసన్ 1986 నవంబరులో వచ్చాడు. మొదటి మ్యాచ్‌లోనే ఆక్స్‌ఫర్డ్ చేతిలో 2-0 ఓటమి. సీజన్ చివరికి పదకొండో స్థానం. తర్వాతి ఏడాది రెండో స్థానం, మళ్ళీ పదకొండు, ఆ తర్వాత పదమూడు. 1989 సెప్టెంబరులో అదే ఊరి మరో క్లబ్బు మాంచెస్టర్ సిటీ 5-1తో ఓడించింది. ఆ డిసెంబరులో స్టాండులో దుప్పటి మీద రాసి పట్టుకున్నారు: మూడేళ్ళుగా సాకులే, ఆట ఇంకా చెత్తే, ఇక సెలవు ఫెర్గీ.

"పట్టుకున్నది నేను కాదు. చప్పట్లు కొట్టినవాళ్ళలో మాత్రం ఉన్నాను" అన్నాడు పెద్దాయన, కప్పులు లెక్కపెడుతూనే.

1990 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద ఇంగ్లండు నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లో మార్క్ రాబిన్స్ కొట్టిన ఒక్క గోలుతో గట్టెక్కారు. ఆ ఏడాది కప్పూ గెలిచారు. అసలు కోరుకున్న లీగ్ టైటిల్‌కు 1993 దాకా పట్టింది. అంటే ఏడో సీజన్. ఏడు! మా కౌంటర్లో ఏజెన్సీవాళ్ళం మూడు షిఫ్టులు వరసగా వస్తే పాతకాపులం. "ఈ వారం అవసరం లేదు" అని శుక్రవారం రాత్రి మెసేజ్ వస్తే నా శనివారం పోయినట్టే. ఏడేళ్ళు ఒకే మనిషిని నమ్ముకుని కూర్చున్న కంపెనీ కథ నాకు చందమామ కథలాగే ఉండేది.

ఫెర్గూసన్ దేవుడేం కాదు. డ్రెస్సింగ్ రూంలో మొహం మీదకొచ్చి తిట్టేవాడట. 2003లో ఆయన తన్నిన బూటు ఎగిరి ఆటగాడు బెకమ్ కనుబొమ పగిలింది. బీబీసీ మీద కోపంతో ఏడేళ్ళు దానితో మాట్లాడలేదు. అలాంటి మేనేజరు కింద నేనైతే వారం కూడా ఉండలేను. ఆ మాటే పెద్దాయనతో అంటే, "స్కాట్లండ్ గోవన్‌లో ఓడలు కట్టేవాళ్ళ మధ్య పెరిగినవాడు, మెత్తగా ఎలా ఉంటాడు" అన్నాడు. తనూ ఫ్యాక్టరీ మనిషే కదా, ఆ తిట్లు ఆయనకు తప్పుగా తోచవు.

2011 అక్టోబరు 23న సిటీ ఈసారి ఇక్కడికే వచ్చి 6-1 కొట్టింది. నేను షట్టరు తీసే ఉంచాను, ఎందుకంటే ఆట అవకముందే జనం మెట్లు దిగిపోతున్నారు. ఎవరూ ఏమీ కొనలేదు. బూతులు వినిపించాయి గానీ మేనేజర్ని తీసెయ్యమన్నవాడు నా చెవిన పడలేదు. 5-1కి దుప్పటి కట్టినవాళ్ళే 6-1కి తలొంచుకుని ఇంటికి పోయారు. ఆ సీజన్ టైటిల్ కూడా చివరి రోజు చివరి నిమిషంలో గోల్స్ తేడాతో సిటీకే పోయింది. డెబ్బై ఏళ్ళ ఫెర్గూసన్, ఆర్సెనల్ క్లబ్బు నుంచి గోల్స్ కొట్టే వాన్ పెర్సీని తెచ్చి, 2013లో నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

ఆ మధ్యలో నా బతుకు కూడా కొంచెం కదిలింది. చదువయ్యాక రెండేళ్ళు ఉండనిచ్చే వీసాను 2012 ఏప్రిల్‌లో మూసేశారు. దానికి కొద్ది రోజుల ముందు అప్లై చేసి బయటపడ్డాను. ఆ టెన్షన్‌లో రెండు కిలోలు తగ్గాను. తర్వాత ఆరు నెలల కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అయినా మ్యాచ్ రోజుల పని మానలేదు. ఆరు నెలల తర్వాత సంగతి ఎవరికి తెలుసు?

2013 మే 8న ఫెర్గూసన్ రిటైరవుతున్నట్టు ప్రకటించారు. 12న స్వాన్సీతో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆయన చివరి మ్యాచ్. వాన. ఆట అయ్యాక పెద్దాయన షట్టరు దించి, "పైకి పో అబ్బాయ్, నేను చూసుకుంటా" అన్నాడు. మూడు సీజన్లలో ఆ మెట్లెక్కి తీరిగ్గా నిలబడి గ్రౌండు చూడటం అదే మొదలు. మైకు పట్టుకున్న మనిషి దూరంగా చిన్నగా కనిపించాడు. చెడ్డ రోజుల్లో క్లబ్బు తన వెంట నిలబడిందని, ఇప్పుడు మీ పని కొత్త మేనేజర్ వెంట నిలబడటమని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కిందికి వచ్చేసరికి పెద్దాయన నేల తుడుస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనేమీ అడగలేదు.

కొత్త మేనేజర్ డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. మార్చి వచ్చేసరికి ఆయన్ను పొమ్మంటూ బ్యానర్ కట్టిన విమానం స్టేడియం మీద తిరిగింది. 2014 ఏప్రిల్ 22న, పది నెలలైనా నిండకుండానే తీసేశారు. అప్పటికి నేను కౌంటరు పని మానేశాను. ఆ వారమే మా ఆఫీసువాళ్ళు నన్ను పర్మనెంట్ చేసి, వీసాకు స్పాన్సర్ చేస్తామన్నారు, మూడేళ్ళకు. ముందు పెద్దాయనకే ఫోన్ చేశాను.

"మూడేళ్ళా?" అని నవ్వాడు. "జాగ్రత్త. ఫెర్గీకి మేం దుప్పటి కట్టింది సరిగ్గా అప్పుడే."