సుమారు 1850 కాదు, 1850 ప్రాంతంలో

మా మామ్మ పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. ధాత నామ సంవత్సరంలో పుట్టానని చెప్పేది, అంతే. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చేసినప్పుడు కూడా, "నేను పుట్టిన ఏడే మళ్లీ వచ్చిందిరా" అంది. అరవై ఏళ్లు వెనక్కి లెక్కేస్తే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది లోపు. ఇంత నమ్మకమైన ఆధారం మా ఇంట్లో ఇంకెవరికీ దొరకలేదు.

రాజోలు వైపు మావాళ్ల వంశవృక్షాన్ని గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేటప్పుడు మొదట ఆ ధాత అన్న మాటే 'టెక్స్ట్ ఓన్లీ' తేదీగా పెట్టాను. రాసింది రాసినట్టే కనబడింది గానీ సాఫ్ట్‌వేర్‌కి అది వట్టి మాట. వయసు కట్టదు, వరసలో పెట్టదు. అందుకని తేదీని 'రేంజ్'గా మార్చి, సంవత్సరం పేరు నోట్‌లో దాచాను.

తాతగారి తాత ధవళేశ్వరం ఆనకట్ట రోజుల్లో పుట్టాడట. ఆ పని 1847లో మొదలై 1852లో పూర్తయింది కాబట్టి 'అబౌట్ 1850' అన్నాను. వెతికేటప్పుడు గ్రాంప్స్ 'అబౌట్' అంటే అటూ ఇటూ 50 ఏళ్లు తీసుకుంటుంది. రెండు తరాలు కలిసిపోతాయి! ప్రిఫరెన్సెస్‌లో దాన్ని 5కి తగ్గించాను.

అసలు తంటా తేదీలు కనబడే తీరుతో వచ్చింది. ప్రిఫరెన్సెస్‌లో రోజు, నెల, ఏడాది వరస మారుతుంది గానీ అబౌట్, బిఫోర్ లాంటి మాటలు మార్చుకునే చోటు లేదు. మా పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాదు. రిపోర్టును ఓడీటీ అనే డాక్యుమెంటు ఫైలుగా తీసి, లిబ్రే ఆఫీస్‌లో అబౌట్ బదులు 'సుమారు' పెట్టాను. అది కుదిరింది. బిఫోర్ దగ్గర ఆగిపోయాను. 'ముందు 1911' అని తెలుగులో ఎవరంటారు? మన మాట అంకె వెనకాల వస్తుంది: 1911కు ముందు, 1936, 1937 మధ్య.

చివరికి వెతికి మార్చే పెట్టెలో, ఒక్క మాట కాక మాటల నమూనాను వెతికే 'రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్'కి టిక్ పెట్టి, వెతికే చోట ఇంగ్లీషు మాట పక్కన ([0-9-]+) అనీ, మార్చే చోట '$1కు ముందు' అనీ రాశాను. బ్రాకెట్లో పట్టుకున్న ఏడాది ముందుకొచ్చి, మాట వెనక్కెళ్లింది. రేంజ్‌లో వచ్చే బిట్వీన్‌కి రెండు బ్రాకెట్లు, $1, $2. అప్పుడు 'సుమారు' కూడా తీసేశాను. మా ఊళ్లో ఎవరూ 'సుమారు 1850' అనరు, '1850 ప్రాంతంలో' అంటారు.

కాగితాలు మామ్మ చెల్లెలికి ఇచ్చాను. ఎక్కడా తడబడకుండా చదువుతూ తాతగారి తాత దగ్గర ఆగి, "ఆనకట్ట పని అయిపోయాకే కదరా పుట్టింది" అంది. ఆ రాత్రే 'ఆఫ్టర్ 1852' అని దిద్దాను. '$1 తరువాత' అనే ఇంకో వరస కూడా కలిసింది.