1/2 + 1/3 దగ్గర ఆగిపోయే పిల్లలు

ఆరో తరగతి బోర్డు మీద 1/2 + 1/3 వేయండి. ఎవరో ఒకరు 2/5 అంటారు. లవాలు లవాలకు, హారాలు హారాలకు కలిపేశారన్నమాట. అది అశ్రద్ధ కాదు. ఐదేళ్లుగా కూడిక అంటే కనబడ్డ అంకెలు కలపడమేనని నేర్పాం, వాళ్లు అదే చేశారు. పక్కన ఎర్రటి ఇంటూ పడుతుంది. అలాంటివి వరసగా నాలుగు పడ్డాక "నాకు లెక్కలు రావు సార్" మొదలవుతుంది.

దానికి "నీకెందుకు రాదు, ప్రయత్నించు" అనడం మందు కాదు. చేయగలనన్న నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుందో చెబుతూ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో నాలుగు మూలాలు చూపించాడు. మాటలతో ఒప్పించడం వాటిలో ఒకటే. అన్నిటికన్నా బలమైంది స్వయంగా చేసి గెలిచిన అనుభవం. కాబట్టి టీచరు పని ఉపన్యాసం కాదు, పిల్ల చేతే లెక్క పూర్తయ్యేలా ఏర్పాటు చేయడం.

ముందు 2/5 ఎందుకు తప్పో పిల్లే కనిపెట్టాలి. పాత నోటుబుక్కు కాగితంతో 12 సెంటీమీటర్ల పట్టీలు మూడు కత్తిరించండి. ఒకదాంట్లోంచి సగం, అంటే 6 సెం.మీ.; రెండోదాంట్లోంచి మూడో వంతు, 4 సెం.మీ. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే 10 సెం.మీ. మూడో పట్టీ మీద 2/5 ఎక్కడికొస్తుందో మీరే 4.8 దగ్గర గీత పెట్టి ఇవ్వండి, ఐదు సమాన మడతలు పెట్టడం పిల్లలకు కుదరదు. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గిందేంటి? ఈ ప్రశ్న పిల్ల నోటి నుంచి రావాలి, అంతవరకూ మీరు నోరు మెదపకూడదు. పట్టీ 10 సెంటీమీటర్లు తీసుకుంటే మాత్రం మూడో వంతు స్కేలు మీద 3.3 దాటాక ఎక్కడో పడుతుంది, కొత్త గొడవ.

నోరు మెదపకపోవడమే కష్టం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతుల రికార్డింగులు విని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. మనసులో ఒకటి నుంచి ఐదు వరకూ లెక్కపెట్టుకోండి, సరిపోతుంది.

ఇక లెక్క చేయించడం. ఇందులో మూడు మెట్లున్నాయి: క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు హారాల ఎక్కాల్లోనూ వచ్చే అతి చిన్న అంకె) కనుక్కోవడం, రెండు భిన్నాలనూ ఆ హారానికి మార్చడం, కలపడం. మొదటి లెక్క, 1/2 + 1/3 = 3/6 + 2/6 = 5/6, పూర్తిగా చేసి చూపండి. రెండోది 1/2 + 1/5 = 5/10 + 2/10 వరకూ మీరే రాసి, కూడిక మాత్రం వదిలేయండి. మూడోది 1/3 + 1/4కి హారం 12 అని మాత్రం ఇవ్వండి. నాలుగోది 2/3 + 1/5, ఏమీ ఇవ్వొద్దు. ఖాళీలు చివర్నుంచి ఎందుకంటే, ఎక్కువ మంది ఇరుక్కునేది క.సా.గు. దగ్గరే. అక్కణ్నుంచే మొదలుపెట్టిస్తే వాళ్లకు జవాబు రాసే యోగం ఎప్పటికీ పట్టదు. సాధారణంగా జరిగే పొరపాటేమిటంటే, మొదటి లెక్క చూపించి నేరుగా నాలుగోదానికి దూకడం. నాలుగోది రాకపోతే పాఠం మళ్లీ మొదట్నుంచి చెప్పకండి, మూడోదాని లాంటిది ఇంకొకటి ఇవ్వండి.

క.సా.గు. దగ్గర ఆగడానికి కారణం చాలాసార్లు భిన్నాలు కాదు, ఎక్కాలు. ఏడో ఎక్కం తడుముకుంటూ హారాలు చూసుకోవడం ఒకేసారి కుదిరే పని కాదు. ఎక్కాల పట్టిక పక్కన పెట్టుకోనివ్వండి. కాపీ కాదది, చేతికర్ర. రెండు వారాలయ్యాక ఒక్కో ఎక్కం మీదా కాగితం కప్పుతూ పోవచ్చు.

రబ్బరు మాత్రం తీసి దాచేయండి. తప్పు చెరిపేస్తే ఎక్కడ తప్పిందో ఆధారమే పోతుంది. ఒక అడ్డగీత కొట్టి కింద మళ్లీ రాయమనండి. దిద్దేటప్పుడు సరైన ప్రతి మెట్టుకూ టిక్కు పెట్టి, తప్పిన చోట సున్నా చుట్టండి. రెండు టిక్కులు, ఒక సున్నా ఉన్న లెక్కా, మొత్తం కొట్టేసిన లెక్కా పిల్ల కళ్లకు ఒకటి కావు.

మెచ్చుకోలు కూడా చూసి చేయాల్సిందే. మనస్తత్వవేత్తలు మ్యూలర్, డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో "తెలివైనవాళ్లు" అనిపించుకున్నవాళ్లు కష్టమైన పజిళ్లు ఎదురయ్యాక త్వరగా చేతులెత్తేశారు. కష్టపడ్డారని మెచ్చుకున్నవాళ్లు నిలబడ్డారు. అలాగని పూర్తికాని లెక్కకు కూడా "భలే కష్టపడ్డావు" అంటే అది జాలి అని పిల్లలు ఇట్టే పసిగడతారు. "ముందు హారాలు చూశావు, అందుకే వచ్చింది" అనండి, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నిన్న వచ్చింది ఇవాళ రాకపోవచ్చని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పిల్ల దాన్ని ఓటమి అనుకుంటుంది. మర్నాడు రెండు లెక్కలు, మూడు రోజులకు రెండు, వారానికి రెండు. ఒకే రోజు ఇరవై చేయించడం కన్నా ఇది నయం.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. "నాకూ లెక్కలు రాలేదులే నాన్నా" అని ఓదార్చకండి, అది వదిలేయడానికి అనుమతి ఇచ్చినట్టవుతుంది. పెన్సిల్ లాక్కుని మీరు చేసేయకండి కూడా. పది నిమిషాలు చూసి, రాకపోతే ఆగిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టించి పుస్తకం మూయించండి. మర్నాడు టీచరు ఆ చుక్క దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు.