మంత్రశక్తులూ, సర్కారు రిజిస్టర్లూ
ఈ మధ్య వరుసగా ఫాంటసీ నవలలు చదువుతుంటే, అందులోని మాంత్రికులకంటే వాళ్లను పాలించే ప్రభుత్వాలే నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. సగం కథల్లో రాజ్యానికి వాళ్లను వేటాడి చంపడం తప్ప మరో పని తెలియదు.

నిజమైన ప్రభుత్వం ముందు రిజిస్టరు తెరుస్తుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంతో బ్రిటిష్ సర్కారు కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టి, పేర్లు నమోదు చేసి, పాసు లేకుండా కదలనివ్వలేదు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, మన స్టువర్టుపురం అలాంటి తెగలను నిఘాలో ఉంచడానికి ఏర్పడిన సెటిల్‌మెంటే. ఏ మంత్రమూ రాని మనుషులకే ఇంత జరిగితే, అరచేతిలో నిప్పు పుట్టించేవాణ్ణి ఏ కలెక్టరు ఊరికే వదిలేస్తాడు?

వాడుకోవడమూ ఉంటుంది. దూరాన ఉన్నది మనసుతో చూడగలమన్నవాళ్లపై అమెరికా సైన్యం, గూఢచార సంస్థలు ఏళ్ల తరబడి డబ్బు పెట్టి, చివరికి పనికొచ్చే సమాచారం రాలేదని 1995లో ఆ స్టార్‌గేట్ పథకాన్ని మూసేశాయి. శక్తి ఉందో లేదో తేలకముందే బడ్జెట్ మంజూరు కావడమంత సహజమైన వివరం నేను చదివిన నవలల్లో ఎక్కడా దొరకలేదు. శక్తి ధ్రువీకరణ పత్రానికి మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోమనే గుమాస్తా అయితే అసలే లేడు.