మంచం తిప్పే దేవుడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఇద్దరు అక్కలు మాట్లాడుకుంటుంటే విన్నాను. “ఆ పిల్ల మూడు వారాలై ప్రభువు బల్లకి, రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి రావడం లేదు, విశ్వాసంలో చల్లారిపోయినట్టుంది” అని. ఆ పిల్ల ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తల్లి లేదు. అన్నయ్య మన కోనసీమలో చాలామందిలాగే గల్ఫ్‌లో ఉన్నాడు. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి. ఆ రెండు గంటల మధ్యే ఆమె వంట, నిద్ర, ప్రార్థన అన్నీ. ఆ మాట విన్నాక నాకు బాధేసింది, కోపమూ వచ్చింది. ఇది ఆ చెల్లి కోసం రాస్తున్నాను. ఆమెలా మంచం పక్కన రాత్రిళ్ళు గడిపే అందరి కోసం కూడా.

41వ కీర్తన మూడో వచనం తీయండి. “రోగశయ్యమీద యెహోవా వానిని ఆదరించును, రోగము కలుగగా నీవే వానిని స్వస్థపరచుదువు.” జబ్బు మనిషి ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు మనందరం చదివే వచనమే. మా అత్తయ్య మంచాన పడ్డ నాలుగో ఏట మా ఇంటికి ప్రార్థనకి వచ్చిన ఒక పెద్దాయన ఇది చదివి, హెబ్రీలో ఇక్కడ ఉన్న మాట “హాఫఖ్తా” అని చెప్పారు. అంటే నువ్వు తిప్పావు, తిరగేశావు అని. ఉన్నదున్నట్టు చదివితే, “అతని జబ్బులో అతని పడకంతా నువ్వే తిరగేశావు” అని వస్తుందట. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో కూడా అతని పడకంతా నువ్వే సర్దుతావు అనే ఉంది. మన తెలుగు బైబిలు ఆ భావం తీసుకుని స్వస్థపరచుదువు అంది. అది తప్పని నేను అనను. కానీ ఆ రోజు నా చెవిన పడింది పడక అన్న మాటే.

ఎందుకంటే అప్పటికి నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. అత్తయ్య నడుం కింద పాత నూలు చీర నాలుగు మడతలేసి పరిచి ఉంచేదాన్ని. తిప్పాల్సినప్పుడు ఆ చీర అంచు పట్టుకుని నా వైపు లాగి, వీపు వెనక దిండు పెట్టి, మోకాళ్ళ మధ్య ఇంకో దిండు పెట్టేదాన్ని. ఒక్క పూట ఆలస్యమైతే నడుం కింద ఎముక దగ్గర చర్మం ఎర్రబడేది. ఆ ఎరుపు చూసి వదిలేస్తే పడక పుండు అవుతుంది, మాంసం దాకా పోతుంది. హోషేయ ఏడో అధ్యాయంలో ఎఫ్రాయిముని, అంటే ఇశ్రాయేలు జనాన్ని, తిరగేయని అప్పంతో పోలుస్తాడు ప్రవక్త. అక్కడున్నదీ ఈ ‘తిప్పడం’ మాటే. పెనం మీద ఒకవైపే వదిలేసిన అట్టు కింద మాడిపోతుంది, పైన పచ్చిగా ఉంటుంది. ఒకే పక్కన పడుకుని ఉన్న మనిషి ఒళ్ళూ అంతే కదా! 30వ కీర్తనలో “నా అంగలార్పును నీవు నాట్యముగా మార్చియున్నావు” అన్న చోటా ఇదే మాట. ఏడుపుని నాట్యంగా తిప్పిన చెయ్యీ, జబ్బువాడి పక్క తిప్పిన చెయ్యీ ఒక్కటే. మలమూత్రాల వాసన ఉన్న పక్కని తాకడానికి ఆ చెయ్యి వెనకాడలేదు.

ఇంకొకటి చూడండి. వచనం మొదటి సగంలో “యెహోవా వానిని ఆదరించును” అని ఎవరికో చెబుతున్నట్టు ఉంటుంది. రెండో సగానికి వచ్చేసరికి “నీవే” అని కీర్తనకారుడు నేరుగా ఆయనతోనే మాట్లాడుతున్నాడు. దేవుడు ఆ గదిలోకి వచ్చేసినట్టు లేదూ?

ఇంతకీ “వానిని” అంటే ఎవరిని? ఇది నాకు అత్తయ్య పోయాక గానీ తట్టలేదు. మొదటి వచనం దగ్గరికి వెళ్ళండి. “బీదలను కటాక్షించువాడు ధన్యుడు.” అక్కడ బీద అన్న మాటకి హెబ్రీలో బలం లేనివాడు, చిక్కిపోయినవాడు అనే అర్థం కూడా ఉంది. బలం లేనివాణ్ణి చూసుకున్న మనిషే మూడో వచనంలో మంచం మీద ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఇంకొకరి పక్క సర్దినవాడి పక్క ఇప్పుడు దేవుడు సర్దుతున్నాడు. చెల్లీ, ఇది మీ నాన్నగారికి మాత్రమే ఇచ్చిన మాట కాదమ్మా, నీది కూడా. నీ నడుం పట్టేసి నువ్వు లేవలేని రోజున నీ పక్క ఎవరు తిప్పుతారా అని నీకు టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు. నాకూ ఉండేది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక ఎండాకాలం రాత్రి కరెంటు పోయి ఎయిర్ బెడ్ మోటారు ఆగిపోయింది. పరుపు చప్పబడింది. అత్తయ్య అరుస్తోంది, చెయ్యి విసిరితే నా చెంప మీద తగిలింది. నేనూ అరిచాను. అనకూడని మాట అన్నాను. తర్వాత వంటింట్లో కూర్చుని “తీసుకుపో ప్రభువా” అని ఏడ్చాను. ఆవిడనా, నన్నా అన్నది నాకే తెలియదు. ఆ తప్పు చాలా ఏళ్ళు మోశాను. తర్వాత యోహాను 13 చదువుతుంటే, యేసు ప్రభువు ఆ రాత్రి ఎత్తి చెప్పింది ఈ 41వ కీర్తనలోని మాటే అని గమనించాను. “తన మడమ యెత్తెను” అన్నది, అంటే కూడా కూర్చుని తిన్నవాడే ఎదురు తిరిగాడని. అంతకు కాసేపటి ముందే ఆయన తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. ఆయన్ని పట్టించబోయే యూదా ఇంకా బయటికి వెళ్ళలేదు. తన మీదికి ఎత్తబోయే ఆ మడమని కూడా ప్రభువు చేత్తో పట్టుకుని, కడిగి, తుడిచాడు. మంచం మనిషి మడమలు పరుపుకి ఆనితే పుళ్ళు పడతాయని పిక్కల కింద దిండు పెట్టి పైకి లేపుతాం. తిట్టిన మనిషి మడమలనే అలా లేపుతాం. ఆ రాత్రి ప్రభువు చేసిన పనే నువ్వూ చేస్తున్నావమ్మా. నువ్వు విసుక్కున్నావని ఆయన నిన్ను దూరం పెట్టడు.

అయితే ఒంటరిగా చేయమని ఆయన చెప్పలేదు. సిలువ మీద ఉండి కూడా తల్లిని యోహానుకి అప్పగించాడు. మన డెల్టాకి నీళ్ళు తెచ్చిన కాటన్ దొర గురించి మీకు చెప్పక్కర్లేదు, ఎంత భక్తిపరుడో కూడా. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. 1848లో ఒంట్లో బాగోలేక కెప్టెన్ ఓర్‌కి పని అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళారు. 1850లో తిరిగొచ్చారు, 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆయన పని వదిలేశారని గోదావరి మీద ఎవరైనా అంటారా? వేసవిలో మన కాలువలు కట్టేసేది కూడా పూడిక తీయడానికీ, లాకులు బాగుచేయడానికే కదా. నువ్వూ వారానికి ఒక్క పూటైనా ఇంకొకరి చేతికి ఇచ్చి నిద్రపో. అది పాపం కాదు.

ఇప్పుడు సంఘంలో ఉన్న మనకి. మార్కు రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. మన సంఘంలో ఆ చెల్లి ఒక్కతే మోస్తోంది. “విశ్వాసం ఉంటే ఈపాటికి లేచేవారు” అని ఒకరు మా ఇంట్లో అత్తయ్య ముందే అన్నారు. ఆవిడ మాట పడిపోయింది గానీ చెవులు పడిపోలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. దయచేసి ఏ ఇంట్లోనూ ఆ మాట అనకండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు, కనీసం అలా కూర్చోండి. బల్ల దగ్గరికి ఆమె రాలేకపోతే, పాస్టరు అయ్యగారిని అడిగి రొట్టె, ద్రాక్షారసం ఆమె ఇంటికి తీసుకెళ్దాం.

ఈ గురువారం స్త్రీల కూడిక ఆ ఇంట్లో పెడదామని పాస్టరమ్మగారితో మాట్లాడాను, సరే అన్నారు. పాట ఒకటి చాలు, వాక్యం ఈ ఒక్క వచనం చాలు. ఆ తర్వాత ఇద్దరు చీర అంచులు పట్టుకుని పెద్దాయన్ని ఎలా తిప్పాలో నేను చూపిస్తాను. ఇద్దరు వంట చూసుకోండి. ఆ పిల్లని పక్క గదిలో సాయంత్రం దాకా పడుకోనిద్దాం. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత నూలు చీరలు ఉతికి తీసుకురండి.