నా ఛార్జ్ మెమో నాకంటే ముందు చదివినవాళ్ళు

నిన్న సాయంత్రం ఆర్డర్ చేతికొచ్చింది. నా మీద పెట్టిన నాలుగు అభియోగాల్లో ఒక్కటీ రుజువు కాలేదని, సస్పెన్షన్‌లో ఉన్న కాలమంతా డ్యూటీగా లెక్కిస్తామని రాశారు. మూడుసార్లు చదివి, అన్నయ్యకి ఫోన్ చేసి ఏడ్చేశాను. ఇలాంటి కాగితం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను కోస్తాలో పంచాయతీ కార్యదర్శిని. పోరంబోకు స్థలంలో రేకుల షెడ్డు వేసి, దానికి ఇంటి పన్ను రసీదు ఇమ్మని మా ప్రాంత నాయకుడి మనిషి వచ్చాడు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. కానీ రేపు కోర్టులో ‘ఈ స్థలం మా స్వాధీనంలోనే ఉంది’ అని చూపించడానికి మొదట పెట్టేది ఆ రసీదునే. ఇవ్వనన్నాను. పదహారో రోజున సస్పెన్షన్ ఆర్డర్ వచ్చింది. పారిశుధ్యంలో నిర్లక్ష్యం, ప్రజలతో దురుసు ప్రవర్తన అన్నారు.

సగం జీతంతో ఇల్లు నడిపాను. వేరే ఉద్యోగం చేయడం లేదని నెలనెలా సర్టిఫికెట్ ఇస్తేనే ఆ సగమైనా వస్తుంది. మర్చిపోకండి.

ఇక అసలు సంగతి. రెండున్నర నెలలు దాటినా ఛార్జ్ మెమో, అంటే నా మీద అభియోగాలేమిటో రాసిచ్చే కాగితం, రాలేదు. మా ఉద్యోగుల సంఘం నాయకుడు ఫోన్ చేశారు. ‘అమ్మా, రేపు పొద్దున్నే రెడీగా ఉండు, అంతా సెటిల్ చేసేద్దాం’ అన్నారు. జిల్లా ఆఫీసుకి అనుకుని ఫైల్ సర్దుకున్నాను. కారు తిన్నగా రసీదు కోసం మనిషిని పంపిన ఆ ప్రాంత నాయకుడి ఇంటి ముందు ఆగింది.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. పింఛను కోసం వచ్చిన మా ఊరి ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, ‘నువ్వేంటమ్మా ఇక్కడ?’ అంది. ఏం చెప్పాలో తెలియలేదు. లోపలికి పిలిచాక చూస్తే టీపాయ్ మీద నాలుగైదు పేజీల టైపు కాగితాలు, పైన నా పేరు. ఆయన పీఏ వాటిని తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి అభియోగం, రెండో అభియోగం, సాక్షుల జాబితా. నా ఛార్జ్ మెమో! సంతకం ఒక్కటే లేదు. నాకు రాని కాగితం ఆ ఇంటికి ఎలా వచ్చింది?

‘ఒక్కసారి నమస్కారం పెట్టేస్తే పోయేదేముంది తల్లీ, పిల్లలున్నదానివి’ అన్నారు మా సంఘం నాయకుడు. పదకొండేళ్ళుగా నేను చందా కట్టింది ఈ మాట వినడానికా? నా చేతులు వణుకుతున్నాయి కానీ జోడించలేదు. ‘సంజాయిషీ మా జిల్లా అధికారి గారికే ఇచ్చుకుంటానండీ’ అని లేచి వచ్చేశాను. బస్టాండు దాకా నడిచాను. ఆ కారు ఎక్కలేదు. ఇప్పటికీ ఆ మాట అనగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది.

తొమ్మిది రోజులకి మెమో వచ్చింది. ఆ గదిలో చదివిందే, అక్షరం మారలేదు. అప్పటికి సస్పెన్షన్‌లో 87వ రోజు. మూడు నెలల్లోగా ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ పొడిగించకూడదని అజయ్ కుమార్ చౌదరి కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడువు వాళ్ళకి బాగా తెలుసు.

నన్ను కాపాడింది సమాచార హక్కు. జిల్లా ఆఫీసుకి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, నా మీద వచ్చిన ఫిర్యాదు కాపీ అడిగాను. సస్పెన్షన్ ఆర్డర్ ఇచ్చిన ఆరు రోజుల తర్వాతి తేదీ ఉంది దాని మీద! కాబట్టి మెమో రాగానే కంగారుపడి సంజాయిషీ రాసేయకండి. మెమోతో పాటు రావాల్సిన అనుబంధాలు, పత్రాలు అన్నీ వచ్చాయో లేదో చూసి, రానివి రాతపూర్వకంగా అడగండి. మీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. సంఘం నాయకుల మాట మీద సంతకం మాత్రం పెట్టొద్దు. మంచివాళ్ళు ఉంటారేమో, నాకు మాత్రం తగల్లేదు.

తర్వాత హైకోర్టులో రిట్ వేశాం. సస్పెన్షన్‌ని నాలుగు వారాల్లో సమీక్షించమని కోర్టు చెప్పింది, ఆ తర్వాత అధికారులు వేరే మండలంలో పోస్టింగ్ ఇచ్చారు.

ఒకప్పుడు మా సర్వీసు కేసులకి ప్రత్యేక కోర్టులాంటి ట్రైబ్యునల్ ఉండేది. తెలంగాణలో 2016లో పోయింది, కొన్నేళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎత్తేశారు. ఇప్పుడు చిన్న ఉద్యోగి కూడా హైకోర్టు మెట్లే ఎక్కాలి. మా లాయర్ గారు ఇంకో సంగతి చెప్పారు. రాజ్యాంగంలోని 371డి అధికరణ ప్రకారం ఆ ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు అని ఉండేదట. పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986లో దాన్ని కొట్టేసింది. కేసులో ఎదుటి పక్షంగా నిలబడ్డ ప్రభుత్వమే తీర్పుని తుడిచేయగలిగితే ఇక విచారణ ఎందుకు? ఆ మాట వినగానే నాకు ఆ టీపాయ్ గుర్తొచ్చింది. పుస్తకంలో కొట్టేసిన పద్ధతి ఆ గదిలో ఇంకా బతికే ఉంది. నాయకులు మారినా, ఏ పార్టీ వచ్చినా, ఉద్యోగి మీద వేటు వేసే కాగితం ముందు వాళ్ళింటికి వెళ్ళకుండా ఆగాలి.

ఎంక్వయిరీ మూడు వాయిదాల్లో అయిపోయింది. దురుసుగా మాట్లాడానన్న రోజున నేను కలెక్టరేట్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాను, హాజరు పట్టీలో సంతకం ఉంది. బ్లీచింగ్ స్టాక్ రిజిస్టర్, ఫిర్యాదు తేదీ చూశాక, ఆఫీసు తరఫున అభియోగాలు వినిపించే ప్రెజెంటింగ్ ఆఫీసర్ ఇంకేమీ అడగలేదు. ఎంక్వయిరీ ఆఫీసర్ గారు నిజాయితీపరుడు. అయితే ఆయన కూడా ఆ జిల్లా అధికారి కిందే పనిచేస్తున్నారు. రిపోర్టు రాసేలోపు ఆయన్నే బదిలీ చేసి ఉంటే? అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇవాళ పొద్దున పాత పంచాయతీకి వెళ్ళాను, నా సర్వీసు కాగితాలు కొన్ని తెచ్చుకోవడానికి. నా తర్వాత వచ్చిన కార్యదర్శి, చిన్న కుర్రాడు, ఇంటి పన్నుల డిమాండ్ రిజిస్టర్ తెరిచి చూపించాడు. ఆ షెడ్డుకి నంబరు పడలేదు. ‘అక్కా, నన్నూ అడుగుతున్నారు’ అన్నాడు. నా ఫైల్ మొత్తం జిరాక్స్ తీయించి అతని చేతిలో పెట్టి వచ్చాను.