5 శాతం అని నమ్మి ఎక్కిన ఘాట్

నిన్న సాయంత్రం ఆరు దాటాక సైకిల్ మీద లూప్ పూర్తి చేసి ఇంట్లో పడ్డాను. మెట్లు దిగాలంటే ఇంకా రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోంది. ఈ నొప్పి తగ్గితే కోపం కూడా తగ్గిపోతుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మొత్తం 212 కిలోమీటర్లు. సగానికి పైగా అడవి కొండల్లోనే. బయల్దేరిన చోటికే ఒక్క రోజులో తిరిగి రావాలి. మ్యాప్ మీద ఆ గీత గీయడానికి ఒక సాయంత్రం పట్టింది. దాని మీద నేను తొక్కగలనా లేదా అని తేల్చుకోవడానికి ఏడు వారాలు పట్టింది.

టైర్లు, లైట్లు, రెండు స్పేర్ ట్యూబులు, చలికి పల్చటి జాకెట్ లాంటివి ఎవరైనా చెబుతారు. అవన్నీ ఒక్క ఆదివారంలో అయిపోయాయి.

నన్ను తిప్పలు పెట్టింది ఎత్తు లెక్క. ఒకే రూట్ ఫైల్‌ని మూడు యాప్‌లలో వేసి చూశాను. ఒకటి మొత్తం ఎక్కుడు 2,740 మీటర్లంది, ఇంకొకటి 3,310 అంది, మూడోది 3,920 అంది. స్నేహితులకు 3,920 అని చెప్పాను. నాకు నేను 2,740 అని చెప్పుకున్నాను.

ఎందుకింత తేడా అని తవ్వితే తెలిసిన సంగతి ఇది. ఇలాంటి యాప్‌లు రోడ్డు ఎత్తును రోడ్డు మీదకు వెళ్లి కొలవవు. చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు తిరుగుతూ రాడార్‌తో తీసిన కొలతలు. దట్టమైన అడవిలో ఆ రాడార్ నేల దాకా దిగదు, కొమ్మల మధ్యే ఎక్కడో ఆగిపోతుంది. అంటే మనకు చూపించేది చాలాచోట్ల చెట్ల ఎత్తు కూడా కలిసిన లెక్క. పైగా దాదాపు 30 మీటర్ల గడికి ఒకే అంకె. ఘాట్ రోడ్డు కొండ పక్కనే చెక్కి ఉంటుంది కాబట్టి గీత 15 మీటర్లు పక్కకు జరిగితే చాలు, 30 డిగ్రీల వాలు మీద ఎత్తు ఎనిమిది తొమ్మిది మీటర్లు మారిపోతుంది. అలా చదునైన రోడ్డు కూడా కాగితం మీద ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. కొన్ని యాప్‌లు ఆ గతుకుల్ని నున్నగా చేస్తాయి, కొన్ని అలాగే కూడేస్తాయి. నున్నగా చేసేటప్పుడు నిజంగా ఉన్న నిట్టనిలువు ఎక్కుళ్లు కూడా కొట్టుకుపోతాయి.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉంటే పెద్ద ఘాట్ దగ్గర పరువు దక్కేది.

ఆ ఘాట్ 9.2 కిలోమీటర్లు. అడుగు నుంచి పైదాకా 460 మీటర్లు, అంటే సగటున 5 శాతం. 5 శాతమా, మాట్లాడుకుంటూ ఎక్కేస్తాం అని గ్రూపులో పెట్టాను. ఆ మెసేజ్ ఇప్పటికీ అక్కడే ఉంది, తీసేద్దామంటే గడువు దాటిపోయింది. మూడో వారంలో ఆ ఘాట్‌ని మాత్రం చూసొద్దామని ఒక్కడినే వెళ్లాను. మొదటి మూడు కిలోమీటర్లు పేరుకే ఎక్కుడు, 60 మీటర్లు కూడా నొప్పి లేకుండా లేచాను. తర్వాత రోడ్డు ఓ కిలోమీటరు పైగా కిందికే దిగింది, చేతిలో ఉన్న ఎత్తులో 50 మీటర్లు పోయాయి. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు, ఈల వేసుకుంటూ దిగాను. మలుపు తిరిగేసరికి రోడ్డు గోడలా నిలబడింది. రెండు కిలోమీటర్లలో 250 మీటర్లు, అంటే 12.5 శాతం. సగటు అనే మాట ఆ గోడని చదునుకీ దిగుడుకీ పంచిపెట్టి నాకు 5 అని చెప్పింది.

నా సైకిల్‌కి ముందు, పెడల్ దగ్గరి చిన్న పళ్ల చక్రానికి (చైన్‌రింగ్) 34 పళ్లు, వెనక చక్రం దగ్గరి పెద్దదానికి 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు ముందుకు పోవాలి. నా బరువూ సైకిల్ బరువూ కలిపి 84 కిలోలు. ఆ వాలు మీద నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే దాదాపు 270 వాట్లు కావాలి. గంటసేపు నేను ఇవ్వగలిగేది 190. మిగతా 80 ఎక్కడి నుంచి వస్తాయి? క్యాడెన్స్, అంటే నిమిషానికి తిప్పే చుట్లు, నలభైకి పడింది, మోకాలు మూలిగింది, హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. చివరికి పాము నడకలో రోడ్డు వెడల్పంతా తొక్కి, ఎదురుగా లారీ రావడంతో దిగిపోయాను.

దిగాక అసలు అవమానం మొదలైంది. పెడల్‌కి బిగించుకునే క్లీట్ ఉన్న బూట్లు తారు మీద టక్కుటక్కుమంటూ జారుతుంటే సైకిల్ తోస్తున్నాను. వెనక నుంచి ఓ పెద్దాయన, గేర్లు లేని పాత సైకిల్‌కి బస్తా కట్టుకుని తోసుకుంటూ వచ్చి నన్ను దాటేశాడు. దాటాక ఆగి నా బూట్ల వైపు చూశాడు.

"తోసుకోవడానికైతే చెప్పులే నయం బాబూ."

"ఇంకా ఎంత ఉందండీ ఈ ఎక్కుడు?" అన్నాను.

"ఇప్పుడేగా మొదలైంది."

ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే సలహా ఇచ్చాడు. అందుకే ఇంకా బాధగా ఉంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. సైకిల్ కొన్నప్పుడే వెనక 34 పళ్ల క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల కట్ట) అడిగాను. షాపులో ఉన్నతను నవ్వి, "28 చాలు సార్, 34 పళ్లది వయసైనవాళ్లు వేయించుకుంటారు" అన్నాడు. కొండ ఎప్పుడూ ఎక్కనివాడు గేర్ల గురించి చెబితే వినకండి. మొత్తానికి 34 వేయించాను. అది కూడా సాఫీగా కాలేదు. గేర్లు మార్చే నా పాత వెనక డీరెయిలర్‌కి అంత పెద్ద చక్రం సరిపోక అది కూడా మార్చి, చైన్ పొడవుది వేయించాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక చుట్టుకు 2.1 మీటర్లే. అదే వాలు, అవే 190 వాట్లు, క్యాడెన్స్ మాత్రం యాభై. మోకాలికి ఆ పది చుట్లే ప్రాణం.

ఆ తర్వాత యాప్‌ని పక్కన పెట్టి ఎత్తు గీతలున్న టోపో మ్యాప్ తీశాను. గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు. రెండు గీతల మధ్య రోడ్డు 160 మీటర్లే ఉంటే అది 12.5 శాతం. లూప్ అంతా ఇలా స్కేలుతో కొలిచాను, రెండు రాత్రులు పట్టింది. ఇంట్లోవాళ్లు పరీక్ష రాస్తున్నావా అన్నారు. అలాంటి గోడలు ఇంకో రెండు దొరికాయి.

అప్పుడే లూప్ మొదలుపెట్టే చోటు కూడా మార్చాను, దిశ మాత్రం అదే. మొదట గీసినట్టు వెళ్తే ఆ ఘాట్ 150వ కిలోమీటరు దగ్గర తగిలేది. కొత్త చోటి నుంచైతే 60 దగ్గరే వస్తుంది, సాయంత్రానికి వెడల్పు రోడ్డు మీద మెల్లగా దిగే వాలు మిగులుతుంది. లోయల్లో సూర్యుడు అస్తమించక ముందే కొండ చాటుకి పోతాడు, ఆ వెలుగులో తడి ఆకుల మీద హెయిర్‌పిన్లు తిరగడం నాకిష్టం లేదు. సగం దూరంలో ఒక అడ్డదారి ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట లోపు అక్కడికి చేరకపోతే దాన్లోంచి తిరిగొచ్చేయాలని రాసుకున్నాను. లూప్‌లో సగం దాటాక వెనక్కి తిరిగినా లాభం ఉండదు.

అడవి గేటు గురించి ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకాయన సైకిళ్లకి అనుమతి అక్కర్లేదన్నాడు, ఒకాయన కావాలన్నాడు, మూడో ఆయన గేటు దగ్గర అడగమన్నాడు. నిన్న గేటు దగ్గరున్నతను ఏమీ అడగలేదు, కర్ర ఎత్తేశాడు. ఆ గేటు తర్వాత 46 కిలోమీటర్లు నీళ్లు లేవు. మూడో బాటిల్ జెర్సీ జేబులో పెట్టుకుని వెళ్లాను, అదొక్కటే నా ప్లాన్‌లో మొదటి రోజు నుంచీ మారని విషయం.

నిన్న తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాను. ఆ రెండు కిలోమీటర్లు కూర్చునే ఎక్కాను, కాలు నేల మీద పెట్టలేదు. పాత సైకిల్ పెద్దాయన కనిపిస్తాడేమోనని మలుపు మలుపుకీ చూశాను, లేడు. పైన చలికి జాకెట్ వేసుకోవాల్సి వచ్చింది. కిలోమీటరు ఎత్తుకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుందంటారు, చెమట పట్టిన ఒంటికి దిగేటప్పుడు ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. అడ్డదారి దగ్గరికి 12:20కి చేరాను. ఒక పంక్చర్ అయింది, అది కూడా చదును రోడ్డు మీద. మొత్తం 13 గంటల 10 నిమిషాలు. బ్రెవేల్లో, అంటే గడువు లోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో, 200 కిలోమీటర్లకి గడువు 13 గంటల 30 నిమిషాలు, ఇన్ని కొండలతో కూడా ఆ లోపే వచ్చానని ఇక్కడ ఒకసారి గట్టిగా చెప్పుకోనివ్వండి.

గాలి పీడనంతో ఎత్తు కొలిచే నా సైకిల్ కంప్యూటర్ 3,180 మీటర్లు చూపించింది. రాత్రి రైడ్ అప్‌లోడ్ చేయగానే, 3,920 చెప్పిన ఆ యాప్ ఎత్తు సరిచేయమంటారా అని అడిగింది. వద్దని నొక్కి పడుకున్నాను.