కారులో పది నిమిషాలు

కువైట్‌లో ఇంటి డ్రైవర్‌కు బండి నడిపే సమయం కన్నా కాచుకునే సమయమే ఎక్కువ. పిల్లల స్కూలు బయట, జమియా అనే సహకార సూపర్‌మార్కెట్ ముందర, రాత్రిపూట దివానియా (మగవాళ్ళు కూడి మాట్లాడుకునే కొలువు) ముగిసేదాకా కూర్చోవాల్సిందే. ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలీదు కాబట్టి దూరం పోలేం, నిద్రా పోలేం. కడప నుంచి వచ్చి ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాయాలనే కోరిక మనసులో పెట్టుకున్నవాళ్ళు వాళ్ళలో తక్కువేం కాదు. వాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఆ ఖాళీలో ఫోన్‌లో టైమర్ పెట్టి, పది నిమిషాలు ఆపకుండా రాయండి.

ఇది నాకు నేర్పింది అనంతపురం నుంచి వచ్చిన ఒకాయన. ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో పంతులుగా చేసి, ఇక్కడ కువైట్‌లోని ఫర్వానియా అనే పేటలో ఒక దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. కథ రాయాలని ఉంది గానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నా అని ఆయనతో అన్నాను. "నువ్వు రాస్తానే దిద్దుకుంటాండావు అబ్బీ. ఆ రెండు పనులూ ఒక్కసారి చేస్తే ఏదీ కాదు" అన్నాడు. టైమర్ మోగేదాకా పెన్ను ఆగకూడదు. వెనక్కి పోయి చదవకూడదు, కొట్టేయకూడదు. ఒత్తులు, దీర్ఘాలు పట్టించుకోకూడదు. ఏమీ తోచకపోతే 'ఏమీ తోచడం లేదు' అనే రాస్తూ పోవాలి. ఎవరికీ చూపించే పని లేదు. అంతే. 1973లో ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చిన పీటర్ ఎల్బో అనే అమెరికా అధ్యాపకుడు కూడా, ఒకప్పుడు రాయలేక పై చదువు మధ్యలో మానుకున్నవాడే. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన సంగతి అది.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "బాగుండావా నాయనా, తిన్న్యావా" అని అడుగుతుంది. "బాగుండానమ్మా" అంటాం. జీతం ఆలస్యమైనా అదే మాట, జ్వరంతో పడుకున్నా అదే మాట. వాళ్ళకు టెన్షన్ పెట్టకూడదని ప్రేమతోనే దాస్తాం. అట్లా ఏళ్ళ తరబడి దాచేవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మరుపుకొస్తుంది. కాగితం ముందర పెట్టుకున్నా 'నేను క్షేమం' అనే మొదలవుతుంది. ఆపకుండా రాస్తుంటే మాత్రం ఆ క్షేమం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత రాయడానికి నిజం తప్ప ఏమీ మిగలదు.

అది సుఖంగా ఉంటుందని నేను చెప్పను. 1986లో అచ్చయిన ఒక పరిశోధనలో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, మనసును గాయపరిచిన విషయాలు రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగినదాన్నీ దాని బాధనూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో జబ్బు చేసి డాక్టరు దగ్గరికి పోవడం తగ్గింది. ఆ బరువు నాకూ తెలుసు. అందుకే బండి తీసే ముందు కాకుండా, ఇంకా కొంచెం తీరిక ఉన్నప్పుడే రాయడం మంచిదంటాను.

బాధలే వస్తాయని కూడా కాదు. ఒక రోజు ఏమీ తోచక 'ఏసీ చల్లగా ఉంది, ఏసీ చల్లగా ఉంది' అని రాస్తా ఉంటే, పెన్ను కడపలో మా మిద్దె మీదికి పోయింది. ఎండాకాలం సాయంత్రాలు అమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి మిద్దె మీద చల్లేది. బండల మీద ఆవిరి లేచేది. మా జేజి తడిగుడ్డ కప్పుకొని పడుకునేది. పక్క మిద్దె మీదినుంచి "మీకు నీళ్ళొచ్చినాయా మ్మే" అని కేక వినిపించేది. అక్కణ్ణుంచి 2001కి దూకాను. బుగ్గవంక పొంగి వీధిలోకి నీళ్ళొస్తే, ఆ కేకేసిన అత్తే పిల్లల్ని ఎత్తుకొని మా మిద్దె ఎక్కింది. బిందె నీళ్ళకు వెతుక్కున్న మిద్దే, వరద నీళ్ళ నుంచి కాపాడిన మిద్దే ఒకటేనని అన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టలేదు. నా మొదటి కథ అదే అయింది. కూర్చొని ఆలోచించి ఉంటే ఎడారి, ఒంటరితనం అని అందరూ రాసేదే నేనూ రాసి ఉండేవాణ్ణి.

రాసిందంతా కథ కాదు. చాలా పేజీలు ఉత్త చెత్త, అవి అట్లాగే ఉండాలి. కొన్నాళ్ళాగి చదివి, ప్రాణమున్న ఒక్క వాక్యం కింద గీత గీస్తాను. మరుసటిసారి పది నిమిషాలూ ఆ వాక్యం నుంచే మొదలు.

శుక్రవారాలు మనవాళ్ళు చేరే మాలియా అనే చోట కలిసినప్పుడు ఈ సంగతి చెబితే ఇళ్ళల్లో పనిచేసే ఒక అక్క, "నాకు సంతకం తప్ప రాదే తమ్ముడూ" అంది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకొని మాట్లాడమన్నాను. వెనకటి రోజుల్లో గల్ఫ్ నుంచి క్యాసెట్లలో గొంతు నింపి పంపేవాళ్ళు కదా, అదే పద్ధతి. ఒక్క తేడా, ఇది ఇంటికి పంపక్కరలేదు. వంటింట్లో పాత్రలు కడుగుతూ తన బిడ్డ తొలిసారి బడికి పోయిన రోజు గురించి ఆమె చెప్పింది విన్నాను. తను ఆ రోజు అక్కడ లేదు. అయినా బిడ్డ జడకు కట్టిన రిబ్బన్ రంగుతో సహా చెప్పింది.

మొదటి మాట దొరకనివాళ్ళు వీటిలో ఒకటి తీసుకోండి: వీసా వచ్చిన రోజు ఇంట్లో ఎవరేమన్నారు, సూట్‌కేసులో అమ్మ ఏం పెట్టింది, ఇక్కడ మొదటి జీతం చేతికొచ్చినప్పుడు దేనికి లెక్క వేశారు. నోటు పుస్తకం ఏ బకాలాలోనైనా, అంటే ఇక్కడి చిల్లర కొట్లో, దొరుకుతుంది.